వంతెన మీద పోయిన నిమిషాలు

జనవరి 23, శుక్రవారం

కొత్త యాప్ వచ్చాక మొదటి జీతం. చేతికొచ్చింది 888 డాలర్ల 41 సెంట్లు. డిసెంబరులో ఇదే రెండు వారాలకు 936.90. తేడా 48.49.

పనేమీ తగ్గలేదు. అవే ఇళ్ళు, అవే మెట్లు, అవే మాత్రల డబ్బాలు. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, వండిపెట్టి, మందులు మింగించి వస్తాను. గంటకు పంతొమ్మిది డాలర్లు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారులో పోయే టైముకు కూడా జీతం ఉంది. మొన్నటిదాకా అన్నీ కాగితం మీద రాసేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో. గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక నొక్కు, బయటికి వచ్చేటప్పుడు ఒక నొక్కు.

గవర్నమెంటు పన్ను పెంచేసి ఉంటుందిలే అన్నాడు మా ఆయన వెర్లిన్. ట్రాక్టరు స్టార్టు కాకపోయినా అదే మాట అంటాడు.

జనవరి 25, ఆదివారం

చర్చి నుంచి వచ్చి రెండు స్లిప్పులూ బల్ల మీద పరిచాను.

ఇన్సూరెన్స్ కోత 86 నుంచి 88 అయింది. ఉత్తరంలో ముందే చెప్పారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే ప్రభుత్వ కోతలు కలిపి వందకు 7.65. వేసి చూశాను, 76.99. సరిపోయింది. ఫెడరల్ పన్ను 41. అదీ పన్నుల పట్టికలో ఉన్నట్టే ఉంది. కోతల్లో ఒక్క సెంటు తేడా లేదు.

తేడా పైన, గంటల దగ్గర ఉంది. డిసెంబరులో 60.6 గంటలు. ఇప్పుడు 57.6. మూడు గంటలు ఎటు పోయాయి?

మూడు గంటలంటే మాకు చిన్న సంగతి కాదు. వెర్లిన్ మోకాలు మార్చడానికి మే 12న డేటిచ్చారు. పదినెలలు ఎదురుచూస్తే దొరికిన డేటు. ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీద ఉంది. అది నిలవాలంటే వారానికి సగటున ముప్ఫై గంటలు పడాలి. మామూలుగా పడతాయి, కాకపోతే అంచు మీద.

వెర్లిన్ ఇప్పుడు బేస్‌మెంట్ మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాడు. ఎక్కుతున్నానో దిగుతున్నానో మోకాలికి తెలియకుండా మోసం చేస్తున్నానంటాడు.

జనవరి 30, శుక్రవారం

డ్యూటీ పాతదే. సోమ, బుధ, శుక్ర: పొద్దున నదికి ఇవతలి ఒడ్డున థియా గారింట్లో, గడియారాలు ముందు టైము. తర్వాత వంతెన దాటి అవతలి ఒడ్డున ఎమిల్ గారింట్లో, వెనక టైము. మళ్ళీ వంతెన దాటి ఇవతల మధ్యాహ్నం ఇల్లు. గురువారం ఎమిల్ గారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి.

ఇవాళ్టి నుంచి చిన్న నోట్‌బుక్‌లో వచ్చిన టైము, వెళ్ళిన టైము రాస్తున్నాను. యాప్ ఏం రాస్తే అది రాయనీ. నా దగ్గర నా లెక్క ఉంటుంది.

ఎమిల్ గారికి డోనట్లు తీసుకెళ్ళాను. ఆరింటిలో మూడు తిన్నాడు. షుగరు లేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మళ్ళీ 57.6. కోతలన్నీ కరెక్టు. గంటలు కరెక్టు కాదు.

ఫిబ్రవరి 9, సోమవారం

ఆఫీసుకు ఫోన్ చేశాను. జీతాల సెక్షను ఫీనిక్స్‌లో ఉంది. జానెల్ అనే అమ్మాయి ఎత్తింది. గొంతు చూస్తే ముప్ఫై కూడా ఉండవు. మర్యాదగానే మాట్లాడింది. మేడమ్, మేం గంటలు లెక్కపెట్టం, యాప్ పెడుతుంది, మేం డబ్బులు కడతాం, అంతే అంది. మరి యాప్ తప్పు పెడితే అన్నాను. ఇంతవరకు ఎవరూ అలా అనలేదు మేడమ్ అంది.

నేను తప్ప రెండు ఒడ్లకూ తిరిగేవాళ్ళు మా ఏజెన్సీలో ఎవరూ లేరు. ఆ మాట ఫోన్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు.

రుజువుంటే పంపండి చూస్తాను అంది. నా నోట్‌బుక్ ఉంది. ఇంకో మూడు వారాలు నిండనిచ్చి పంపుతాను.

ఫిబ్రవరి 18, బుధవారం

మంచు తుఫాను. వంతెన మూశారు. జీతం లేదు. ఆపిల్ పై చేశాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

నోట్‌బుక్ నాలుగు వారాల పేజీలు ఫొటోలు తీసి జానెల్‌కు పంపాను. ప్రతి ఇల్లు, ప్రతి రాక, ప్రతి పోక. ఒక్క రోజు కూడా వదల్లేదు. ఇంత పకడ్బందీగా రాసే మనిషిని ఆ అమ్మాయి చూసి ఉండదు.

మార్చి 4, బుధవారం

జానెల్ నుంచి మెయిల్. పేజీలు చాలా నీటుగా ఉన్నాయట. కూర్చుని ఒక్కొక్కటీ యాప్‌తో పోల్చి చూసిందట. నిమిషంతో సహా సరిపోయాయట. యాప్ సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేసినందుకు థాంక్సట.

వెర్లిన్ నవ్వి నవ్వి మోకాలు పట్టుకున్నాడు. మా ఆవిడ వెళ్ళి కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పొచ్చిందిరా అని కుక్కతో అన్నాడు.

మార్చి 6, శుక్రవారం

దొరికింది. పట్టుకున్నది నేను కాదు, ఎమిల్ గారు.

ఆయనకు ఎనభై ఎనిమిదేళ్ళు. నలభై ఒక్క ఏళ్ళు రైల్వేలో డిస్పాచర్. ఏ రైలు ఎక్కడుందో, ఎప్పుడు వచ్చిందో, ఎందుకు లేటయిందో ఒక పెద్ద షీటు మీద రాసే పని. రిటైరై పాతికేళ్ళు అయినా షీటు మానలేదు. ఇప్పుడు రైళ్ళు లేవు కాబట్టి ఇంటికి వచ్చేవాళ్ళను రాస్తాడు. పోస్టుమ్యాన్ మూడో నంబరు. గ్యాసు లారీ గూడ్సు. నేను ఎనిమిదో నంబరు. బయల్దేరిన చోటు, బయల్దేరిన టైము, చేరిన టైము, లేటు, కారణం. నేను గుమ్మంలో ఉండగానే అడిగేస్తాడు. కోటు విప్పకముందే చెప్పాలి. తిరిగి వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం ఇల్లు చేరగానే ఫోన్ చేయాలి, అదీ రాస్తాడు.

జానెల్ మెయిల్ సంగతి చెప్పి నోట్‌బుక్ చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి చదివాడు. అమ్మాయ్, థియా ఇంట్లో ఎన్నింటికి బయల్దేరావు అన్నాడు. పదికి అన్నాను. ఇక్కడికి ఎన్నింటికి చేరావు అన్నాడు. తొమ్మిదీ ఇరవై అయిదుకి అన్నాను. నా సర్వీసు మొత్తంలో బయల్దేరడానికి ముప్ఫై అయిదు నిమిషాల ముందు చేరిన రైలు ఒక్కటీ లేదే ఎనిమిదో నంబరూ, అన్నాడు. ఇక నవ్వు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

టైము జోన్ల గీత మా నది మీదుగానే పోతుంది. నదికి ఇవతల ముందు టైము, అవతల వెనక టైము. గంట తేడా. ఇక్కడ పుట్టినవాళ్ళం దాని గురించి ఆలోచించం. ఎవరింటికి వెళ్తే ఆ ఇంటి గోడ గడియారం చూసి మాట్లాడతాం. అది మర్యాద. నేను నోట్‌బుక్‌లో రాసింది కూడా ఆ గోడ గడియారాలు చూసే. నా ఫోను కూడా వంతెన మధ్యలో మర్యాదగా టైము మార్చుకుంటుంది. యాప్ ఏ తప్పు చేసిందో నేనూ అదే తప్పు చేశాను. అందుకే నిమిషంతో సహా సరిపోయింది.

ఎమిల్ గారి గోడ గడియారం పోయిన భార్యది, అది వెనక టైము. జేబు గడియారం రైల్వేది. వాళ్ళ డివిజను ఆఫీసు ఇవతలి ఒడ్డున ఉండేది కాబట్టి అది ఎప్పుడూ ముందు టైమే. షీటు మొత్తం జేబు గడియారం ప్రకారమే ఉంది. గోడ గడియారం కాపురానికి, జేబు గడియారం నిజానికి అన్నాడు.

మార్చి 8, ఆదివారం

ఏటా ఎండాకాలానికి తిప్పినట్టే ఇవాళ గడియారాలు గంట ముందుకు తిప్పాం. రెండు ఒడ్లూ కలిసే తిప్పుకున్నాయి. తేడా తేడాలాగే ఉంది.

మార్చి 9, సోమవారం

జానెల్‌కు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. మేడమ్, బయల్దేరకముందే ఎలా చేరతారు అని మూడుసార్లు అడిగింది. అక్కడ వాళ్ళు గడియారాలే ముట్టుకోరట, ఏడాదంతా ఒకటే టైమట. మీది మంచి ఊరమ్మా అన్నాను.

నాలుగోసారి చెప్పాను. తర్వాత ఓ మై గాడ్ అంది. కీబోర్డు టకటకలాడింది. అవతలికి వెళ్ళేటప్పుడు ప్రయాణం మైనస్ ముప్ఫై అయిదు నిమిషాలు వస్తోంది. మైనస్ వస్తే యాప్ సున్నా వేస్తుంది. ఇవతలికి వచ్చేటప్పుడు ఇరవై అయిదు నిమిషాలు కాస్తా ఎనభై అయిదు అవుతోంది. గంట దాటితే సొంత పని అనుకుని జీతం తీసేస్తుంది. అంటే వెళ్ళినా పోతోంది, వచ్చినా పోతోంది.

పైవాళ్ళకు చెప్తానంది. వెర్లిన్‌కు వాఫుల్స్ చేసి పెట్టాను.

మార్చి 20, శుక్రవారం

జీతం వచ్చింది. ఏమీ మారలేదు. పైవాళ్ళు చూస్తున్నారట.

మార్చి 31, మంగళవారం

ఉత్తరం. జానెల్ నుంచి కాదు, ఇన్సూరెన్స్ చూసే బెనిఫిట్స్ సెక్షను నుంచి.

జనవరి 4 నుంచి మార్చి 28 వరకు పన్నెండు వారాలు. కావలసింది 360 గంటలు. మీవి 345 గంటల 30 నిమిషాలు. ఏప్రిల్ 30తో ఇన్సూరెన్స్ ఆగిపోతుంది. అభ్యంతరం ఉంటే ఏప్రిల్ 10 లోపు, మీరు కాక వేరేవాళ్ళు ఏ రోజుకారోజు రాసిన రుజువుతో పంపండి.

ఆపరేషను మే 12.

వెర్లిన్ చదివి మడిచి కవర్లో పెట్టాడు. ఈ మోకాలితో ఇంకో ఏడాది నడుపుకొస్తాలే అన్నాడు. జోకు వేయలేదు. అది నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 1, బుధవారం

తగ్గింది పద్నాలుగున్నర గంటలు.

సోమ, బుధ, శుక్ర కలిపి పన్నెండు వారాలకు ముప్ఫై ఆరు రోజులు. వంతెన మూసినవి, రోడ్డు మంచు గడ్డకట్టినవి అయిదు తీసేస్తే ముప్ఫై ఒకటి. రోజుకు రెండుసార్లు దాటాను, అరవై రెండు. ఒక్కోదానికి ఇరవై అయిదు నిమిషాలు. 1,550 నిమిషాలు. 25 గంటల 50 నిమిషాలు.

పద్నాలుగున్నర కావాలి, దాదాపు ఇరవై ఆరు ఉన్నాయి! రుజువు ఎమిల్ గారి షీట్లు. వేరే మనిషి రాశాడు, ఏ రోజుకారోజు రాశాడు. వెర్లిన్ చెయ్యి పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు తిప్పాను. మోకాలు కలుక్కుమంది. ఇద్దరం కుర్చీల్లో కూలబడి నవ్వుకున్నాం.

ఏప్రిల్ 2, గురువారం, మధ్యాహ్నం 4 (ముందు టైము)

నిన్న ఆ చుట్టు తిప్పకుండా ఉండాల్సింది.

ఇవాళ ఎమిల్ గారిని ఫిజియోకు తీసుకెళ్ళాను. ఆయన ఇంట్లో మొదలుపెట్టినప్పుడు యాప్ నొక్కాను. అవతలి ఒడ్డు. క్లినిక్‌లో ఆయన మేనకోడలికి అప్పగించి మళ్ళీ నొక్కాను. ఇవతలి ఒడ్డు. కారు దిగుతూ ఎమిల్ గారు జేబు గడియారం చూసి, గంటా ముప్ఫై అయిదు, మంచి రన్ను అన్నాడు. యాప్‌లో చూశాను. రెండు గంటల ముప్ఫై అయిదు.

ప్రతి గురువారం ఒక గంట నాకు ఎక్కువ పడుతోంది. తుఫాను వారం తీసేస్తే పదకొండు గురువారాలు. పదకొండు గంటలు. పని చేయకుండా తీసుకున్న జీతం.

కంపెనీకి ఇది తెలియదు. సోమ, బుధ, శుక్రవారాల షీట్లే పంపితే ఎప్పటికీ తెలియదు. ఈ వాక్యం రాసి పది నిమిషాలు అలాగే కూర్చున్నాను.

25 గంటల 50 నిమిషాల నుంచి 11 గంటలు తీసేస్తే 14.50. కావలసింది 14.30. ఇరవై నిమిషాలు మిగులు. అదీ ఒక్కోసారికి ఇరవై అయిదు అని నేను అంచనా వేసుకున్న లెక్క.

రాత్రి 9. భోజనాల దగ్గర వెర్లిన్‌కు చెప్పాను. బంగాళాదుంప నములుతూ విన్నాడు. గురువారాలు కూడా పంపు, మోకాలు నాది కానీ పేరు నీది కదా అన్నాడు. ఇంకొంచెం గ్రేవీ వేయమన్నాడు.

ఏప్రిల్ 4, శనివారం

ఎమిల్ గారి డైనింగ్ టేబులు మీద పన్నెండు వారాల షీట్లు. ఆయన చదివాడు, నేను కూడిక వేశాను. తర్వాత నేను చదివాను, ఆయన కూడిక వేశాడు. కాలిక్యులేటరు ముట్టుకోనివ్వలేదు.

ఒక ప్రయాణానికి ఇరవై మూడున్నర నిమిషాలు వస్తే ఇరవై నాలుగు వేసుకుందామా అన్నాను. రౌండు చేస్తే రైళ్ళు గుద్దుకుంటాయి అమ్మాయ్ అన్నాడు.

మొత్తం 1,537 నిమిషాలు. 25 గంటల 37 నిమిషాలు. పదకొండు తీసేస్తే 14.37. ఏడు నిమిషాలు మిగులు! లేచి కాఫీ పెట్టబోయాను. కూర్చో, ఇంకా లేట్ల కాలమ్ చూడలేదు అన్నాడు.

జనవరి 30. ఎనిమిదో నంబరు. ప్రయాణం 34 నిమిషాలు. లేటు 9. కారణం: డోనట్లు.

ఆ రోజు గుమ్మంలోనే నిజం చెప్పేశాను. షాపులో క్యూ ఉందని కూడా చెప్పాను. అదీ రాశాడు.

తొమ్మిది నిమిషాలు నా సొంత పని. తీసేస్తే 14.28. మొత్తం 359 గంటల 58 నిమిషాలు. రెండు నిమిషాలు తక్కువ.

ఇద్దరం ఆ గడినే చూశాం. పెన్సిలుతో రాసింది. పక్కనే రబ్బరు ఉంది. ఎమిల్ గారు రబ్బరు తీసి సొరుగులో వేసి సొరుగు మూశాడు. తిన్నది నేను, నేనే తినకుండా ఉండాల్సింది అన్నాడు. మూడు తిన్నారు అన్నాను. రెండున్నర, సగం మా కుక్కకు పెట్టాను అన్నాడు. రైలు గుద్దేసిన మొహంతో ఉండి కూడా లెక్క మాత్రం వదల్లేదు.

ఏప్రిల్ 6, సోమవారం

అన్ని షీట్లూ పంపాను. గురువారాలతో సహా. డోనట్లతో సహా. మొత్తం 359.58 అని కింద రాసి సంతకం పెట్టాను.

ఏప్రిల్ 7, మంగళవారం

ఏమీ రాలేదు. కిటికీలు తుడిచాను.

ఏప్రిల్ 8, బుధవారం

థియా గారి జుట్టు దువ్వుతుంటే ఫోను. జానెల్.

మేడమ్, మీ లెక్క తప్పు అంది. దువ్వెన కింద పడింది.

షీట్లన్నీ రెండుసార్లు చదివిందట. ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ అమ్మకు కూడా చూపించిందట. ఎనిమిదో నంబరు మీరేనా అని అడిగింది. తర్వాత అసలు విషయానికి వచ్చింది. పని మధ్యలో ఇరవై నిమిషాలు దాటకుండా ఆగితే అది చిన్న బ్రేకు. దానికి జీతం కట్టాలని చట్టం. మీకు కాఫీ తాగే హక్కు ఉంది, డోనట్లు కొనే హక్కూ ఉంది, ఆ తొమ్మిది నిమిషాలు తీయడానికి మీకూ అధికారం లేదు, మాకూ లేదు అంది. 360 గంటల 7 నిమిషాలు. ఇన్సూరెన్స్ ఉంటుంది. బెనిఫిట్స్ వాళ్ళ చేత సంతకం పెట్టించాకే ఫోన్ చేస్తున్నానంది. యాప్‌లో మీ రెండు ఒడ్లకూ ఒకటే టైము పెట్టించానంది.

గురువారాల సంగతి మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు మేడమ్ అంది. తెలుసమ్మా అన్నాను.

ఎవరమ్మా ఫోన్లో, చచ్చినవాళ్ళెవరు, ఎందుకు ఏడుస్తున్నావు అని థియా గారు అడుగుతూనే ఉన్నారు. ఎవరూ చావలేదండీ, మా ఆయనకు మోకాలు వస్తోంది అన్నాను.

వెర్లిన్‌కు ఫోన్ చేశాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఆ అమ్మాయికి పెళ్ళయిందా, మన గ్యారీకి అడుగుదామా అన్నాడు. గ్యారీ మా ట్రాక్టరు షెడ్డులో మెకానిక్కు. అరవై రెండేళ్ళు.

ఏప్రిల్ 17, శుక్రవారం

స్లిప్పులో కొత్త లైను. పాత గంటల సవరణ: 277.78.

14 గంటల 37 నిమిషాలు ఇంటూ పంతొమ్మిది. నాకు 277.72 వచ్చింది. మూడుసార్లు చేశాను. తర్వాత తట్టింది. వాళ్ళు 37 నిమిషాలను 0.62 గంట అని రౌండు చేశారు. ఆరు సెంట్లు ఎక్కువ.

ఎమిల్ గారికి చెప్పలేదు.

మే 12, మంగళవారం

ఆపరేషను గంటా యాభై నిమిషాలు. అంతా బాగా అయిందని డాక్టరు బొటనవేలు పైకెత్తి చూపించాడు. వెర్లిన్ మత్తులో నర్సుకు ట్రాక్టరు అమ్మబోయాడు.

జూన్ 6, శనివారం

మెయిల్ బాక్సు రోడ్డు మీద ఉంది. ఇంటి నుంచి మూడు వందల గజాలు. వెర్లిన్ చేతికర్రతో ఒక్కడే వెళ్ళి ఉత్తరాలు తెచ్చాడు. వెళ్ళడానికి పద్నాలుగు నిమిషాలు. రావడానికి పదకొండు.